పాడకుండానే మోస్తున్న పాట: 'మిస్టర్ టాంబరీన్ మ్యాన్' ఎవరెవరి చేతుల్లో మోగుతోంది?

పన్నెండు తీగలు, విజయవాడ · శనివారం రాత్రి 9:10

సత్యనారాయణపురంలో ఇంటి దగ్గరే పిల్లలకి గిటార్ నేర్పుతుంటాను. మొన్న ఇంటర్ చదివే అమ్మాయి ఒకరు ఫోన్‌లో ఏదో కొత్త ఇంగ్లీషు బ్యాండ్ పాట వినిపించి, "సార్, ఈ గలగల ఎలా వస్తుంది? నా గిటార్ మీద ఎంత మీటినా రావడం లేదు" అని అడిగింది. విన్నాను. పాట నాకు కొత్తదే కానీ, గలగల కొత్తది కాదు. ముప్పై ఏళ్ల కిందట బీసెంట్ రోడ్డులో కొన్న ఒక క్యాసెట్‌లో అది మొదటిసారి విన్నాను. బర్డ్స్ అనే అమెరికా బృందం 1965లో పాడిన 'మిస్టర్ టాంబరీన్ మ్యాన్' ఎత్తుగడ అది. నాలుగైదు సెకన్లు, అంతే.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. పాట రాసింది అమెరికా గాయకుడు బాబ్ డిలాన్. తన ఆల్బమ్ కోసం 1965 జనవరి 15న న్యూయార్క్‌లో రికార్డ్ చేశాడు. నాలుగు చరణాలు, ఐదున్నర నిమిషాలు. సరిగ్గా ఐదు రోజుల తర్వాత, జనవరి 20న, హాలీవుడ్‌లో బర్డ్స్ అదే పాటను రికార్డ్ చేశారు. డిలాన్ ఆల్బమ్ అప్పటికి ఇంకా బయటికి రాలేదు. పాత డెమో ఒకటి సంపాదించి, దాన్ని విని నేర్చుకున్నారు. మూడు చరణాలు తీసేశారు. నడక మార్చి నాలుగు దెబ్బల దరువులో పెట్టారు. గొంతులు కలిపి పాడారు. వీటన్నిటికంటే ముందు బర్డ్స్ గిటారిస్ట్ రోజర్ మెగ్విన్ పన్నెండు తీగల రికెన్‌బ్యాకర్ కంపెనీ ఎలక్ట్రిక్ గిటార్ మీద ఆ ఎత్తుగడ వాయించాడు. ఆ రోజు స్టూడియోలో బర్డ్స్ తరఫున వాద్యం పట్టుకున్నది అతనొక్కడే. డ్రమ్స్ హాల్ బ్లెయిన్, బేస్ లారీ నెక్టెల్, ఇద్దరూ స్టూడియోల్లో రోజువారీ వాయించే కళాకారులు. రెండున్నర నిమిషాల లోపే పాట అయిపోతుంది. జూన్‌కల్లా అమెరికాలో నంబర్ వన్, తర్వాత బ్రిటన్‌లోనూ. జానపద పాటకి రాక్ దరువు కలిపితే ఫోక్-రాక్, ఆ మాట పత్రికలకి ఎక్కింది ఆ వేసవిలోనే.

నేను అడిగేది ఇదీ. అరవై ఏళ్లలో ఈ పాట నుంచి ఎవరెవరు ఏమేం తీసుకున్నారు? ఎంతమంది మళ్లీ పాడారన్న లెక్క వద్దు. ఈ పాటని పాడకుండానే మోస్తున్నవాళ్ల సంగతి చెప్పండి.

కొరిటెపాడు, గుంటూరు · శనివారం రాత్రి 9:52

మాస్టారూ, మీరు కథ మధ్యలోంచి మొదలుపెట్టారు. ఆ గిటార్ మెగ్విన్ చేతికి ఎలా వచ్చిందో అక్కడినుంచి చెప్పాలి.

మెగ్విన్ మొదట జానపద పాటలకి పక్కన బాంజో, గిటార్ వాయించేవాడు. 1964లో బీటిల్స్ సినిమా 'ఎ హార్డ్ డేస్ నైట్' వచ్చింది. తెర మీద జార్జ్ హారిసన్ చేతిలో పన్నెండు తీగల రికెన్‌బ్యాకర్ కనపడింది. అలాంటిదే కొనుక్కున్నాడు. అంటే గిటార్ బీటిల్స్ దగ్గరనుంచి వచ్చింది. పాట డిలాన్ దగ్గరనుంచి వచ్చింది. గొంతు కూడా బీటిల్స్ గాయకుడు లెనన్‌కీ డిలాన్‌కీ మధ్యలో ఉండేలా పెట్టానని మెగ్విన్ తనే చెప్పుకున్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. బర్డ్స్ మొదటి ఆల్బమ్‌లో 'ద బెల్స్ ఆఫ్ రిమ్నీ' అని ఇంకో పాట ఉంది. అదే గిటార్, అదే గలగల. అది విని హారిసన్ అదే ఏడాది చివర్లో 'ఇఫ్ ఐ నీడెడ్ సమ్‌వన్' కట్టాడు. కట్టి ఊరుకోలేదు, మీ పాటలోంచే తీసుకున్నాను అని మెగ్విన్‌కి కబురు పంపాడు. నాకు ఆ కబురు పంపడమే ఎంతో నచ్చుతుంది. మా ఇళ్లలో నోముల వాయనాలు ఉంటాయి కదా, ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం అని. వీళ్లిద్దరి మధ్య నడిచింది అచ్చంగా అదే. గిటార్ ఇటొచ్చింది, పాట అటు వెళ్లింది.

ఇందులో మనదీ ఒక వాటా ఉంది. 1965 ఆగస్టులో బీటిల్స్ లాస్ ఏంజెల్స్‌లో ఉన్నప్పుడు బర్డ్స్ వాళ్లు వెళ్లి కలిశారు. రవిశంకర్ సితార్ గురించి బర్డ్స్‌లో ఇంకొకడు డేవిడ్ క్రాస్బీ, మెగ్విన్ హారిసన్‌కి చెప్పింది అప్పుడే. సితార్ అనే వాద్యాన్ని హారిసన్ అంతకుముందే ఒక షూటింగ్‌లో చూశాడు కానీ, రవిశంకర్ పేరు గట్టిగా చెవిన పడింది వీళ్ల దగ్గర. ఆ అక్టోబరులో బీటిల్స్ పాట 'నార్వీజియన్ వుడ్'లో సితార్ మీటాడు. మరుసటి ఏడాది బర్డ్స్ 'ఎయిట్ మైల్స్ హై' చేశారు. అందులో పన్నెండు తీగల గిటార్ మీద జాజ్ కళాకారుడు జాన్ కోల్ట్రేన్ శాక్సఫోన్ పోకడలు, పక్కన రవిశంకర్ నీడ.

అక్షరం, గుంటూరు · శనివారం రాత్రి 10:30

నేను తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ని, గిటార్ తెలియదు. పాట మాత్రం ఇష్టం, డిలాన్ పాడినది ఇష్టం. ఇక్కడ అందరూ గలగల గురించే మాట్లాడుతున్నారు కాబట్టి నా బాధ చెప్పుకుంటాను.

ఆ పాటలో మాట్లాడేవాడు రాత్రంతా నిద్ర లేనివాడు. ఎక్కడికీ వెళ్లే పని లేదు, కాళ్లు చేతులు మొద్దుబారాయి. వాయించేవాణ్ని పిలిచి, నువ్వు పాట ఎత్తుకో, నీ వెంట వస్తాను అంటాడు. ఒక్కో చరణంలో ఒక్కో మెట్టు దిగుతాడు. చివరి చరణానికి వచ్చేసరికి పొగల్లోంచి, చలికి వణికే చెట్లని దాటుకుని సముద్రం ఒడ్డుకి చేరి, ఆకాశం కింద ఒంటరిగా ఆడతాడు. ఆ ప్రయాణమే పాట. బర్డ్స్ రెండో చరణం ఒక్కటి ఉంచుకుని మిగిలిన మూడూ కోసేశారు. సముద్రం లేదు, ఒడ్డు లేదు. 2016లో డిలాన్‌కి నోబెల్ ఇస్తూ, అమెరికా పాటల సంప్రదాయంలో కొత్త కవితా వ్యక్తీకరణలు సృష్టించినందుకు అని రాశారు. ఆ కవిత్వంలో ముప్పాతిక వంతు తీసేసి మిగిలినదాన్ని అరవై ఏళ్లుగా మోస్తున్నారంటే, మోస్తున్నది దేన్ని?

ఇంకొకటి. బర్డ్స్‌ని విన్నాకే డిలాన్ ఎలక్ట్రిక్ గిటార్ పట్టాడని చాలాచోట్ల రాస్తారు. తారీఖులు చూసుకోండి. బర్డ్స్ ఆ రికార్డ్ కోసం స్టూడియోలో అడుగుపెట్టక ముందే, ఆ జనవరిలోనే, డిలాన్ తన ఆల్బమ్‌లో ఒక వైపు పాటలన్నీ ఎలక్ట్రిక్ బృందంతో రికార్డ్ చేసేశాడు.

పన్నెండు తీగలు, విజయవాడ · శనివారం రాత్రి 10:41

తారీఖుల విషయంలో మీరు చెప్పింది నిజం అండి. జూలై 25న న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో డిలాన్ ఎలక్ట్రిక్ గిటార్‌తో వేదిక ఎక్కేనాటికి బర్డ్స్ పాట ఊరూరా మోగిపోతోంది కాబట్టి జనం రెండూ ముడిపెట్టారు. చరణాల విషయంలో మాత్రం మీతో ఒప్పుకోలేను. పొద్దున రాస్తాను.

భక్తిరంజని, విజయవాడ · ఆదివారం ఉదయం 6:20

నాకు డెబ్బై దాటాయి. మా అబ్బాయి ఈ చర్చ చూపించాడు. బర్డ్స్ గురించి నిన్నటిదాకా తెలియదు, రాత్రి రెండు పాటలూ వేయించుకుని విన్నాను. అక్షరం గారి బాధ చదివాక ఒక మాట రాయాలనిపించింది.

మాది ఆకాశవాణి విజయవాడ కేంద్రం విని పెరిగిన ఇల్లు. తెల్లవారుజామున భక్తిరంజని మొదలైతేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. అందులో మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారు పాడిన రామదాసు కీర్తనలు వచ్చేవి. ఈ రోజు ఎవరు రామదాసు కీర్తన ఎత్తుకున్నా చాలావరకు ఆయన గొంతులో విన్న వరుసే ఎత్తుకుంటారు. చరణాలన్నీ ఎవరు పాడుతున్నారు? పల్లవి, ఒకటో రెండో చరణాలు. దానివల్ల రామదాసుకి అన్యాయం జరిగిందని ఎవరం అనుకోలేదు. ఆ ఒక్క చరణం నోటికి వచ్చినవాళ్లలో కొందరు పుస్తకం తెచ్చుకుని మిగతావి చదువుకున్నారు, నాలాగా.

అన్నమయ్య సంగతి ఇంకా చిత్రం. రాగాల పేర్లు రాగి రేకుల మీద ఉన్నాయి, వరుసలు లేవు. రాళ్లపల్లి వారు, నేదునూరి వారు, గరిమెళ్ల వారు వరుసలు కట్టారు. ఒకే కీర్తన రెండు మూడు వరుసల్లో వింటాం. సాహిత్యం ఒకరిది, నడక ఇంకొకరిది, అయినా పాట ఒక్కటే. డిలాన్ గారు ఉండగానే ఆయన పాటకి ఇది జరిగింది, అంతే తేడా.

పొన్నెకల్లు దారి, గుంటూరు జిల్లా · ఆదివారం ఉదయం 8:05

పెద్దవారు రాసింది చదివి చాలా సంతోషం వేసింది. నేను బుర్రకథ వైపు నుంచి చెప్తాను, మా నాన్న వంత పాడేవారు కాబట్టి.

మొదట పాట పేరులో ఉన్న టాంబరీన్, అంటే ఆ డప్పు సంగతి. పాటలో పిలిచే 'టాంబరీన్ మనిషి' ఎవరు అంటే, బ్రూస్ లాంఘార్న్ అనే గిటార్ కళాకారుడి దగ్గర ఉన్న పెద్ద చట్రం డప్పు చూసి ఆలోచన వచ్చిందని డిలాన్ చెప్పాడు. బండి చక్రమంత ఉండేదట. మనవైపు కంజీర తెలుసు కదా, చెక్క చట్రానికి తోలు బిగించి, పక్కన బిళ్లలు. దాన్ని బాగా పెద్దది చేసి ఊహించుకోండి. తమాషా ఏంటంటే డిలాన్ పాడిన ఆ పాటలో వెనకాల వినపడే ఎలక్ట్రిక్ గిటార్ వాయించింది ఆ లాంఘార్నే. డప్పు మాత్రం ఆ పాటలో లేదు!

ఇక దరువు. షేక్ నాజర్ గారిది మా పొన్నెకల్లు. ఆయన బుర్రకథ చూసినవాళ్లకి నేను చెప్పేది వెంటనే అర్థమవుతుంది. కథకుడి భుజం మీద తంబురా, చేతి వేళ్లకి అందెలు. రెండు పక్కలా గుమ్మెటలతో ఇద్దరు వంతలు. కథకుడు ఒక్కడే కూర్చుని అదే కథ వచనంలా చెప్తే పదిమంది వింటారు. 'తందాన తాన' అని వంతలు అందుకుని, గుమ్మెట మీద దెబ్బ పడి, కాలు కదిలిందంటే ఊరంతా వస్తుంది. నాజర్ గారు శాస్త్రీయ సంగీతం కూడా నేర్చుకుని, దాన్ని ఈ కథలోకి తెచ్చారు. పల్నాటి యుద్ధం చెప్తుంటే రాగం మారిన చోట నాన్న గొంతు ఎలా మారేదో నాకింకా చెవుల్లో ఉంది. మెగ్విన్ కూడా ఆ ఎత్తుగడకి పాశ్చాత్య శాస్త్రీయ స్వరకర్త బాఖ్ స్వరరచన ఛాయ తీసుకున్నానని చెప్పాడు. జానపదం మీద శాస్త్రీయం గీత పడితే పాట వంక తలెత్తి చూడనివాళ్లు కూడా చూస్తారు.

బర్డ్స్ డిలాన్ కవితకి వంత పాడారు, గుమ్మెట కొట్టారు. నేను దాన్ని అలాగే వింటాను.

అక్షరం, గుంటూరు · ఆదివారం ఉదయం 8:40

వంత అన్న మాట బాగా పట్టుకుంది నన్ను. వంత కథకుడి మాటని పూర్తిగా తిరిగి చెప్పడు, చివరి ముక్క అందుకుంటాడు. దీని గురించి ఇంకా ఆలోచించాలి.

కొత్త తీగ, విజయవాడ · ఆదివారం ఉదయం 11:15

అందరికీ నమస్కారం. మొదటి పోస్టులో ఉన్న అమ్మాయిని నేను కాదు కానీ, నాదీ అదే సమస్య. గవర్నర్‌పేటలో ఒక షాపులో సెకండ్ హ్యాండ్ పన్నెండు తీగల అకౌస్టిక్ కొన్నాను. నెలలో ఒకే తీగ మూడుసార్లు తెగింది, ప్రతిసారీ శ్రుతి చేస్తుండగానే. ఇప్పుడు బిరడా తిప్పాలంటేనే టెన్షన్. పైగా ఎత్తుగడ వాయిస్తే గలగల రావడం లేదు, గందరగోళంగా ఉంది. ఏం చేయాలి?

పన్నెండు తీగలు, విజయవాడ · ఆదివారం మధ్యాహ్నం 12:30

తెగింది మూడో జతలో సన్న తీగ అయ్యుంటుంది, అవునా అమ్మా?

పన్నెండు తీగలంటే ఆరు జతలు. కింది రెండు జతల్లో రెండు తీగలూ ఒకే స్వరం. మిగతా నాలుగు జతల్లో ఒకటి మామూలు తీగ, పక్కది ఒక స్థాయి పైన పలికే సన్నది. మూడో జతలోని ఆ సన్న తీగ మొత్తం గిటార్‌లోకెల్లా సన్నగా, అన్నిటికంటే పై స్వరంలో ఉంటుంది. అందుకే ముందు అదే తెగుతుంది. మొత్తం గిటార్‌ని అర స్వరం తగ్గించి శ్రుతి చేసుకుని, మొదటి మెట్టు మీద క్యాపో, అంటే తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు, పెట్టు. తీగల మీద బిగువు తగ్గుతుంది, పాట శ్రుతి మారదు. సన్న తీగని ఎప్పుడూ చివర్లో శ్రుతి చెయ్యి, మెల్లగా, పావు తిప్పు చొప్పున.

గందరగోళానికి కారణం చెయ్యి. అన్ని తీగలూ ఒకేసారి మీటుతున్నావేమో. మెగ్విన్ బాంజో మనిషి. బొటనవేలు, చూపుడువేళ్ల మధ్య మీటే బిళ్ల, అంటే పిక్ పట్టుకుని, పక్క రెండు వేళ్లకి లోహపు వేలి తొడుగులు పెట్టుకుని, తీగలని ఒకదాని తర్వాత ఒకటి దొర్లిస్తాడు. ఒక్కో స్వరం విడిగా పుట్టి, ముందు స్వరం చావకముందే దాని మీద పడాలి. గలగల అంటే అదే. చేతిలో గాజులు ఒకదాని మీద ఒకటి జారినట్టు.

ఇంకో చిన్న రహస్యం. మామూలు పన్నెండు తీగల గిటార్‌లో పైనుంచి కిందికి మీటితే జతలో సన్న తీగ ముందు తగులుతుంది. రికెన్‌బ్యాకర్‌లో వరుస తిరగేసి ఉంటుంది, లావు తీగ ముందు, సన్నది వెనక. అందుకే ఆ గిటార్‌లో స్వరానికి ముందు బరువు, వెనక మెరుపు వస్తాయి. దాని పైన రికార్డింగ్‌లో కంప్రెసర్ గట్టిగా వాడారు. మీటిన దెబ్బని అణిచి, సాగే మోతని పైకి తెస్తుంది అది. ఆ ఫోన్ పాటలో మా అమ్మాయి విన్నది ఈ మూడూ కలిసిన శబ్దమే.

అక్షరం గారూ, చరణాల గురించి రాస్తానన్నాను కదా, భక్తిరంజని గారు నాకంటే బాగా చెప్పేశారు.

బ్రాడీపేట వాసి, గుంటూరు · ఆదివారం సాయంత్రం 4:00

నేను గిటార్ నేర్చుకుంది చర్చిలో. గుంటూరులో నా వయసు గిటార్ వాళ్లలో చాలామందిది అదే బడి. ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దన్నయ్యలు మిగిలిపోయి వాయించుకునేవారు, మేం పక్కన కూర్చుని వేళ్లు చూసేవాళ్లం.

వాళ్లు వాయించే ఒక ఇంగ్లీషు పాట ఉండేది, 'టర్న్ టర్న్ టర్న్'. బర్డ్స్‌దే, టాంబరీన్ మ్యాన్ తర్వాత వాళ్లకి రెండో నంబర్ వన్, అదీ 1965లోనే. పీట్ సీగర్ వరుస కట్టాడు. మాటలు దాదాపు మొత్తం ప్రసంగి గ్రంథం మూడో అధ్యాయం. ప్రతిదానికి సమయము కలదు, నాటుటకు, పెరికివేయుటకు అని మేం సండే స్కూల్లో కంఠతా పట్టిన వాక్యాలు. గ్రంథంలో మాట అలా డ్రమ్స్ మీద నడవవచ్చని తెలిసిన రోజు నాకు పద్నాలుగేళ్లు. మొదటి పాటతో దొరికిన నడకే ఈ పాటకీ ఎక్కించారు. అంటే బర్డ్స్ మొట్టమొదట ప్రభావం చూపింది వాళ్ల మీద వాళ్లే.

ఇంకొకరి సంగతి కూడా ఈ లెక్కలోకి రావాలి. సైమన్, గార్‌ఫంకెల్ 'ద సౌండ్ ఆఫ్ సైలెన్స్' మొదట 1964లో ఉత్త గిటార్‌తో పాడారు. ఆ ఆల్బమ్ అమ్ముడుపోలేదు, ఇద్దరూ విడిపోయారు. 1965 జూన్‌లో, బర్డ్స్ పాట పైకి ఎక్కుతున్న రోజుల్లో, నిర్మాత టామ్ విల్సన్ ఆ పాత రికార్డింగ్ మీదే ఎలక్ట్రిక్ గిటార్, బేస్, డ్రమ్స్ చేర్చాడు. పాడినవాళ్లకి చెప్పను కూడా లేదు. 1966 జనవరికి అది నంబర్ వన్. విడిపోయినవాళ్లు మళ్లీ కలిశారు. టాంబరీన్ మ్యాన్ లేకపోతే ఆ జంట పాటలు మనకి ఉండేవా అని నాకు అనుమానమే.

కొరిటెపాడు, గుంటూరు · ఆదివారం రాత్రి 8:25

తర్వాతి తరం సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే రాస్తాను.

అమెరికా రాక్ గాయకుడు టామ్ పెటీ. 1976లో మొదటి ఆల్బమ్‌లో 'అమెరికన్ గర్ల్'. ఎంత బర్డ్స్ పోలికంటే, మరుసటి ఏడాదే మెగ్విన్ ఆ పాటని తను పాడి రికార్డ్ చేశాడు. మళ్లీ వాయనం! 1979లో వచ్చిన ఆల్బమ్ అట్ట మీద పెటీ చేతిలో ఉన్నది రికెన్‌బ్యాకరే.

ఆర్.ఇ.ఎమ్. అనే బృందం వాళ్లది జార్జియాలో ఏథెన్స్ అనే చిన్న కాలేజీ ఊరు. వాళ్ల 1983 ఆల్బమ్ 'మర్మర్' వినండి. వాళ్ల గిటారిస్ట్ పీటర్ బక్ వాయించేది రికెన్‌బ్యాకరే కానీ ఆరు తీగలది. అయినా స్వరాలు విడివిడిగా దొర్లించే ఆ చేతి పద్ధతి వల్ల గలగల వచ్చేస్తుంది. ఇంగ్లండ్‌లో స్మిత్స్ బృందంలో జానీ మార్ చేతిలోనూ మొదట్లో రికెన్‌బ్యాకర్. ఆ తర్వాత ఈ తరహా గిటార్‌కి 'జాంగిల్' అని పేరే పడింది. డిలాన్ పాట పల్లవిలో గలగల అనే అర్థంలో ఆ జింగిల్-జాంగిల్ మాట ఉందని గుర్తుచేసుకుంటే ఒళ్లు పులకరిస్తుంది. అక్షరం గారూ, మీ కవి మాటే చివరికి శబ్దానికి పేరైంది.

అక్షరం, గుంటూరు · సోమవారం రాత్రి 9:15

నిన్నా ఇవాళా రెండు పాటలూ మార్చి మార్చి విన్నాను. 1992 అక్టోబరులో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో డిలాన్ ముప్పై ఏళ్ల పాటల పండుగ చేశారు, ఆ వీడియో కూడా చూశాను. మెగ్విన్ ఇదే పాట పాడాడు, వెనక టామ్ పెటీ బృందం. డిలాన్ పండుగలో డిలాన్ పాటని మెగ్విన్ తన నడకలో పాడితే, ఆ నడకని అతని దగ్గర నేర్చుకున్నవాళ్లు పక్కవాద్యం వాయించారు. చూస్తూ చాలాసేపు కూర్చుండిపోయాను.

కోసేసిన చరణాల మీద నా అభిప్రాయం మారలేదు. సముద్రం ఒడ్డున ఆడే ఆ చివరి చరణం లేకపోవడం నాకు లోటే. కానీ కొరిటెపాడు గారు చెప్పిన జాంగిల్ మాట దగ్గర నేను ఆగిపోయాను. ఈ వారం క్లాసులో నాలుగు చరణాలకీ తెలుగులో భావం చెప్పి, ముందు బర్డ్స్ పాట, తర్వాత డిలాన్ పాట వినిపిస్తాను. వరుస ఇదే ఉండాలని ఇప్పుడు అనిపిస్తోంది.

భక్తిరంజని, విజయవాడ · మంగళవారం ఉదయం 6:05

మంచి పని నాయనా. ఆ భావం ఇక్కడ కూడా రాయి. ఇంగ్లీషు పాటలో మాటలు నాకు సగమే అందాయి.

కొత్త తీగ, విజయవాడ · మంగళవారం రాత్రి 10:50

మాస్టారూ, అర స్వరం దించాను, క్యాపో పెట్టాను. మీరు చెప్పినట్టు ఒక్కో తీగా విడిగా దొర్లించాను. మూడో రోజుకి, ఇందాకే, ఒక్కసారి వచ్చింది. నాలుగు సెకన్లే. పక్క గదిలోంచి మా అమ్మ "ఏమిటే అది, మళ్లీ వాయించు" అంది. మళ్లీ వాయించాను. మూడోసారికి ఆ సన్న తీగ మళ్లీ తెగింది. ఈసారి వాయిస్తుండగా తెగింది, శ్రుతి చేస్తుండగా కాదు. రేపు సాయంత్రం మీ ఇంటికి రావచ్చా, విడి తీగ ఒకటి ఉంటే ఇప్పిస్తారా?

పన్నెండు తీగలు, విజయవాడ · మంగళవారం రాత్రి 10:58

ఆరు దాటాక రా అమ్మా. రెండు ఇస్తాను. గిటార్ కూడా తెచ్చుకో, ఆ అమ్మాయి కూడా అప్పుడే వస్తుంది.